పచ్చపట్టీ సిస్టర్

"రేపు నేను రాను సేటు," అన్నాడు యాదగిరి, సుత్తి పక్కన పెట్టి. "బోరబండకు పోవాలె. పెద్ద సిస్టర్ సచ్చిపోయింది. రేపు దినాలు."

యాదగిరి సినిమా సెట్లకి పనిచేసే వడ్రంగి. షూటింగులు లేని రోజుల్లో షేక్‌పేటలో ఉన్న నా గోడౌనుకి వచ్చి విరిగిన సామాను బాగుచేసి పోతుంటాడు. నేను షూటింగులకి సామాను అద్దెకిస్తాను. సోఫాలు, డైనింగు టేబుళ్ళు, కోర్టు బోనులు, ఆస్పత్రి మంచాలు, సెలైన్ స్టాండ్లు. ఆ రోజు అతను ఒక ఆస్పత్రి మంచానికి ఊడిపోయిన చక్రం బిగిస్తున్నాడు.

"ఏ సిస్టరు?" అన్నాను, తెలిసే.

"గదే సేటు, మన జూబ్లీహిల్స్ ఆస్పత్రిల ఎమర్జెన్సీ ముంగట బల్లకాడ ఉండేది గాదు, ఆమె. నాకు గుండెపోటు వచ్చిన్నాడు ఆమె లేకుంటే నా కథ అయిపోతుండె. ఉన్న ఒక్క మంచం నాకని పట్టి పెట్టింది. గంతల ఎవడో పెద్దమనిషి ఫోన్ కొట్టిచ్చి గుంజుకున్నడు. ఇగ నన్ను చక్రాల కుర్చీలనే కూసోబెట్టి పానం నిలబెట్టింది."

"ఎవడట వాడు?" అని అడిగాను. అడక్కపోతే అనుమానం వస్తుందేమోనని అడిగాను.

"ఎవనికి తెల్సు? నాకు ఆమె మొకం తప్ప ఇంకేం కండ్లవడలే. తర్వాత ఆమెను శానాసార్లు అడిగిన. చెప్పలే. 'పోనీ బిడ్డా, ఆయనకు గూడ నొప్పేనట' అన్నది." చక్రం బిగించి, మంచాన్ని అటూ ఇటూ నెట్టి చూశాడు. "మీరు గూడ రారాదు సేటు రేపు? మంచి మనిషి."

"పనుంది," అన్నాను.

ఆ పెద్దమనిషిని నేనే. యాదగిరికి తెలియదు. ఆ సంగతి జరిగాక అతనెవరో కనుక్కుని పిలిచి మరీ పని ఇచ్చింది కూడా నేనే. దాన్ని నా మంచితనం అనుకుంటాడు. నాలుగిళ్ళలో చెప్పుకుంటాడు కూడా. నేను వద్దనను.

అక్కడితో ఆగలేదు నా ఘనకార్యం. ఆ సిస్టర్‌ని ఆ బల్ల దగ్గర్నుంచి లేపించిందీ నేనే. ఆ బల్ల దగ్గర ఉండటం తప్ప ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదని అప్పుడు నాకు తెలియదు. తెలిశాక ఏం చేశానన్నది ఇంకా అన్యాయం.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు ఆవిడ గుండె మీద బిళ్ళలో ఉండేది. నేను ఎన్నిసార్లు ఆ బల్ల ముందు నిలబడ్డానో అన్నిసార్లూ అది నా కళ్ళెదురుగానే ఉంది. ఒక్కసారీ చదవలేదు. ఫిర్యాదు కాగితంలో పేరు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం మెడ సాచి చదివాను. పేరుతో నేను చేసిన పని అదొక్కటే. ఇప్పుడు రాయాలంటే చెయ్యి రావడం లేదు.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉండేది గాని దానిలోంచి చూడటం నేనెప్పుడూ చూడలేదు. దాని పైనుంచే చూసేది. ఎమర్జెన్సీ తలుపు తెరుచుకోగానే ఎడమ పక్కన ఆవిడ బల్ల. బల్ల మీద మూడు చుట్టలు, చేతికి కట్టే కాగితప్పట్టీలవి. ఎర్రది కడితే లోపలికి పరుగే. పసుపు కడితే కాసేపట్లో పిలుస్తారు. పచ్చది కడితే కుర్చీలో కూర్చుని గోడ మీద టీవీ చూసుకోవాలి. ఎవరికి ఏ రంగో చెప్పేది ఆవిడే. డాక్టర్లు కూడా ఆ రంగు చూసే నడిచేవాళ్ళు.

వచ్చినవాడి మొహం కంటే ముందు కాళ్ళు చూసేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"నిజంగ పానం మీదికొచ్చినోళ్ళకు చెప్పులు యాదికుండయి సార్. ఒకటి ఒకరిది, ఇంకోటి ఇంకొకరిది ఏసుకొస్తరు. లేకుంటే ఉత్త కాళ్ళతోనే వస్తరు," అని నా కాళ్ళ వైపు చూసింది. ఆ పొద్దున నేను బూట్లకి పాలిష్ పెట్టుకుని వచ్చాను.

"ఏమైంది?" అంటూ చెయ్యి పట్టుకునేది. ఎంత ఆప్యాయంగా పలకరిస్తుందో అనుకునేవాణ్ణి. ఆ వేళ్ళు నాడి లెక్కపెడుతున్నాయని మూడోసారికి గాని తెలియలేదు.

మూడోసారి ఏమిటంటారా? నేను ఎన్నిసార్లు వెళ్ళానో చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. మొదటిసారి పొద్దుటినుంచి వెక్కిళ్ళు ఆగలేదని వెళ్ళాను. రెండోసారి సోఫా జరుపుతుంటే కాలి బొటనవేలి గోరు లేచింది. మూడోసారి రొయ్యల పచ్చడి తిని ఒంటి నిండా దద్దుర్లు. మామూలు డాక్టరు దగ్గరికి పోవాలంటే ముందు అపాయింట్‌మెంట్ అడగాలి, వెళ్ళాక గంటన్నర కూర్చోవాలి, ఆయన రక్తపరీక్ష రాస్తే ఇంకో చోటికి పోవాలి, ఆ కాగితం పట్టుకుని మళ్ళీ ఆయన దగ్గరికి రావాలి. ఎమర్జెన్సీలో అన్నీ ఒక్క కప్పు కింద దొరుకుతాయి. టోకున దొరికే చోటు ఉండగా చిల్లర కొట్లు తిరిగే అలవాటు మా వంశంలోనే లేదు.

నేనొక్కణ్ణే కాదు లెండి. ఆ తలుపు దగ్గర కూర్చుంటే జూబ్లీహిల్స్ అంతా కనిపించేది. నిద్ర పట్టడం లేదని పట్టపగలు వచ్చిన దర్శకుడు, కుక్కని తిప్పుతూ మడమ బెణికినాయన. ఒకరోజు సిల్కు చీరలో ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల చెంప మీద మొటిమ.

"రేపు పొద్దున అమ్మాయికి సినిమా ముహూర్తం అండీ. కొంచెం అర్జెంటుగా చూడాలి," అంది.

"ముహూర్తం పెట్టెటప్పుడు మొటిమను అడగాలె గదమ్మా," అంటూ ఆవిడ పచ్చపట్టీ చింపింది. "కూసోండ్రి."

అందరం నవ్వాం. అందరం అంటే పచ్చపట్టీల వాళ్ళం. పసుపు కట్టించుకున్నవాళ్ళు నవ్వలేదు.

ఎవరైనా ఎంతసేపు కూర్చోవాలని గొడవపడితే ఆవిడ ఒకటే మాట అనేది. "ఈడ కూసోబెడితే ఖుషీ కావాలె సార్. ఉరికిస్తే భయపడాలె."

నాకు మాత్రం ఆ పచ్చరంగు గిట్టేది కాదు. వెళ్ళిన ప్రతిసారీ పచ్చే.

"పసుపు కట్టండి సిస్టర్. మరీ ఎరుపు అడగడం లేదు కదా," అన్నాను దద్దుర్ల రోజున.

"ఇదేమన్న చీరల దుకాణమా సార్, ఇంకో రంగు తీసి చూపియ్యనీకి?"

"పాత కస్టమర్ని. ఆ మాత్రం చూడరా?"

"పాతోళ్ళు గనుకనే ఎరుకైంది. మీరు పచ్చపట్టీతోనే పుట్టిన్రు."

ఈ మాట నేను పదిమందికి చెప్పి నవ్వించాను. ఆవిడంటే నాకు ఇష్టం కూడా ఏర్పడింది. నేను బేరమాడితే చిరాకుపడకుండా మాటకు మాట అప్పజెప్పే మనిషి హైదరాబాదులో ఆవిడొక్కతే. మా ఊళ్ళో అయితే అందరూ అలాగే ఉండేవాళ్ళు.

మాది చీరాల. నాన్నది బట్టల కొట్టు. అటు పక్క స్టీలు సామాన్ల కొట్టు, ఇటు పక్క ఫ్యాన్సీ కొట్టు. నేను నడక నేర్చింది తాను బట్టల మధ్య. మాట నేర్చింది బేరాల మధ్య. అక్కడ మొదట చెప్పిన అంకె ఎవరికీ అంకె కాదు. నాన్న ఒకటి చెబితే, కొనేవాళ్ళు సగానికి అడిగితే, ఇద్దరూ కాసేపు నవ్వుకుని, కాసేపు అలిగి, మధ్యలో ఎక్కడో కలిసేవాళ్ళు. ఇంకొక పద్ధతి కూడా ఉండేది. కొనాలనుకున్న చీరని ముందు తిట్టాలి. "ఇదేం రంగండీ, ఒక్క ఉతుక్కి పోతుంది. ఈ అంచు చూడండి, పాతికేళ్ళ నాటిది." నాన్న నవ్వుతూ మడత పెట్టేవాడు. బాగుంది బాగుంది అన్నవాళ్ళు వట్టి చేతుల్తో మెట్లు దిగేవాళ్ళు. వంకలు పెట్టినవాళ్ళు సంచీతో దిగేవాళ్ళు. ఆ తిట్లకి ఎవరూ బాధపడింది లేదు. అవతలివాడు ఎంతో కొంత తగ్గించుకుని వింటాడని ఇద్దరికీ తెలుసు.

అలా తగ్గించుకుని వినని చోట్లు కూడా ఉంటాయని నాకు ఈ వయసు వచ్చేదాకా తట్టలేదు.

మూడేళ్ళ కిందటి మాట. ఫిలింనగర్‌లో ఒక షూటింగుకి సామాను దించి, అక్కడే మధ్యాహ్నం భోజనం చేశాను. ముందు మిరపకాయ బజ్జీలు, తర్వాత పులిహోర, మళ్ళీ బజ్జీలు. గంటకల్లా రొమ్ము కింద మంట మొదలైంది. కారు నేనే నడుపుకుంటూ వెళ్ళాను. నీడ చూసి మరీ నిలిపాను.

ఛాతీ అనగానే ఆవిడ ఆలస్యం చెయ్యలేదు. అక్కడే తెర చాటున ఈసీజీ తీయించింది. కాగితం చూస్తూ అడిగింది.

"పదికి ఎంత సార్ నొప్పి? సున్నా అంటే లేదన్నట్టు. పది అంటే ఇగ ఇంతకంటే ఎక్కువ ఉండదన్నట్టు."

లోపల ఉన్నది రెండు. మహా అయితే రెండున్నర.

"పది," అన్నాను.

"పదేంది సార్, అయిదు రాస్త" అంటుందని చూశాను. అంటే, "పోనీ ఏడు వేసుకోండి" అందామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ కలం తీసి పది అని రాసేసింది.

"అదేంటి, రాసేశారా?"

"మీరు చెప్పిన్రు, నేను రాసిన. నొప్పి మీది. నేనెట్ల తగ్గిస్త?" ఈసీజీ కాగితం మడిచింది. "గుండె మంచిగున్నది. గ్యాసు లెక్కనే కొడుతుంది. డాక్టరు వచ్చి చూస్తడు, కూసోండ్రి." అని పచ్చపట్టీ కట్టింది.

నేను కుర్చీలో కూర్చుని ఆ పట్టీ వైపు చూసుకుంటున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుని యాదగిరి వచ్చాడు. అతను యాదగిరి అని అప్పుడు తెలియదు. జుట్టు నిండా రంపపు పొట్టు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. నడుచుకుంటూనే వచ్చాడు. బల్ల దగ్గర ఆగి నవ్వాడు కూడా.

"ఏమైంది బిడ్డా?" ఆవిడ అప్పటికే చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదమ్మా. దవడ గుంజుతుంది. గీ చెయ్యి జర బరువైంది. ఏదన్న గోలీ ఇస్తే పోత. సెట్టు కాడ పని ఆగింది."

"పదికి ఎంతుంటది నొప్పి?"

కాస్త ఆలోచించాడు. "రెండుంటదేమో."

ఆవిడ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో ఎర్రపట్టీ లాగి, పళ్ళతో చింపి, అతని మణికట్టుకి చుట్టింది. కాలితో చక్రాల కుర్చీని దగ్గరకు లాక్కుని, "కూసో. మాట్లాడకు," అంది.

నేను లేచాను. నాకు ఇప్పటికీ అర్థం కానిది ఏమిటంటే, ఆ చొక్కా తడి నేనూ చూశాను. చూసే లేచాను.

"ఏంటండీ ఇది? నేను పది చెప్పాను. ఆయన రెండు చెప్పాడు. పదికి పచ్చా, రెండుకి ఎరుపా?"

"ఇది వేలంపాట గాదు సార్. కూసోండ్రి." నా వైపు చూడకుండానే అంది.

కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎప్పుడూ మాటకు మాట అనే మనిషి ఆ రోజు నా మొహం కూడా చూడలేదు. బేరం మధ్యలో కొట్టు మూసేసినట్టు అనిపించింది. ఫోను తీసి, నాకు సామాను పనులిచ్చే సినిమా మేనేజరుకి చేశాను. "గుండెనొప్పితో వస్తే బయట కూర్చోబెట్టారు. పది అని చెప్పినా పట్టించుకోవడం లేదు," అన్నాను. ఆయనకి ఆ ఆస్పత్రి పెద్దలు బాగా తెలుసు.

అయిదు నిమిషాలు పట్టలేదు. టై కట్టుకున్న ఆఫీసాయన ఒకాయన పరుగెత్తుకొచ్చి, నా భుజం పట్టుకుని, "సారీ సార్, సారీ సార్" అంటూ లోపలికి నడిపించాడు. లోపల ఒకే మంచం ఖాళీగా ఉంది. ఆవిడ యాదగిరి కుర్చీని ఆ మంచం వైపే నెట్టుకొస్తోంది.

"ఈ మంచం ఈయనది," అంది.

"సిస్టర్, పైనుంచి ఫోన్ వచ్చింది," అన్నాడు టై ఆయన.

"పైనుంచి ఈయనకు గూడ వస్తుంది సార్ ఫోను. అందుకే తొందర."

టై ఆయన నవ్వలేదు. నన్ను చూసి, మంచం చూపించాడు. నేను ఎక్కి పడుకున్నాను. ఎవరూ తొయ్యలేదు. బూట్లు విప్పుకుని మరీ పడుకున్నాను.

తెర లాగేశారు. కింద జానెడు సందు ఉంది. ఆ సందులోంచి ఆవిడ తెల్లబూట్లు, కుర్చీ చక్రం, యాదగిరి కాళ్ళు కనిపిస్తున్నాయి. ఒక కాలికి చెప్పు, ఒకటి ఉత్తది. ఈసీజీ మిషను అక్కడికే లాక్కొచ్చింది. డాక్టర్ని అక్కడికే కేకేసింది. తెర పక్కకి కాస్త జరిగినప్పుడు చూశాను. సెలైన్ సీసా తగిలించడానికి స్టాండు లేదు. దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి మార్చుకోవడానికి కూడా వీల్లేదు, రెండోది అతని మణికట్టు మీద ఉంది. "ఇటు చూడు బిడ్డా. నన్నే చూడు. మీ ఇంట్ల ఎవరెవరుంటరు? పేర్లు చెప్పు," అంటోంది. అతను చెబుతున్నాడు. ఒక్కో పేరుకీ మధ్య ఎడం పెరుగుతోంది.

నా మంచం పక్కన స్టాండు ఉంది. దానికి ఏమీ తగిలించలేదు.

ఇరవై నిమిషాలయ్యాక అతన్ని ఆపరేషను గదికి తీసుకుపోయారు. ఆ ఇరవై నిమిషాల్లో నాకు ఒక ఇంజక్షన్ ఇచ్చారు. కాసేపటికి పెద్ద త్రేనుపు ఒకటి వచ్చింది. మంట పోయింది. ఆ వార్డులో నాకు జరిగిన వైద్యం అంతే.

వెళ్ళబోతుంటే టై ఆయన కాగితం, కలం ఇచ్చాడు. "మీ అనుభవం రాయండి సార్. మేము చాలా సీరియస్‌గా తీసుకుంటాం."

రాశాను. చీరాలలో చీరని తిట్టినట్టే రాశాను. వయసు పైబడింది. పని తెలియదు. రోగుల్ని హేళన చేస్తుంది. మనిషిని బట్టి పక్షపాతం చూపిస్తుంది. రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నదేమిటో చెబుతాను, నమ్మితే నమ్మండి. వాళ్ళు ఆవిణ్ణి వెనకేసుకొస్తారు, "అలా కాదు సార్, చాలా సీనియర్" అంటారు, నేను ఇంకో రెండు మాటలంటాను, చివరికి ఆవిడ వచ్చి "ఏమనుకోకుండ్రి సార్" అంటుంది, నేను "భలేవారే" అంటాను, మేమిద్దరం మళ్ళీ మామూలే. అంతకు మించి నేను కోరలేదు. కాగితం చివర ఆవిడ పేరు అడిగారు. అప్పుడే మెడ సాచి చదివాను.

ఎవరూ బేరానికి రాలేదు. చెప్పింది చెప్పినట్టు తీసుకున్నారు.

నెల తర్వాత మెడ మీద సెగ్గడ్డ లేచి మళ్ళీ వెళ్ళాను. అవును, మళ్ళీ. బల్ల దగ్గర కొత్తమ్మాయి ఉంది. లేచి నమస్కారం పెట్టింది. సెగ్గడ్డ చూసి, "అయ్యో సార్" అని పసుపుపట్టీ కట్టింది. ఇన్నేళ్ళకి పసుపు. మహా సంతోషంగా వెళ్ళి కూర్చుని, చుట్టూ చూశాను. కూర్చున్న ప్రతి ఒక్కరి చేతికీ పసుపే. దగ్గుతున్న కుర్రవాడికీ పసుపే, కళ్ళు తేలేసి కోడలి భుజం మీద వాలిపోయిన ముసలమ్మకీ పసుపే.

"ఇక్కడ పెద్ద సిస్టర్ ఉండాలి కదమ్మా?" అని అడిగాను.

"ఎవరో సార్ కంప్లైంట్ ఇచ్చారండీ. పైన హెల్త్ చెకప్ కౌంటర్‌కి మార్చేశారు," అని గొంతు తగ్గించింది. "మాకు చెప్పారు సార్, పచ్చ ఎక్కువ కట్టొద్దని. కంప్లైంట్స్ వస్తాయని." మళ్ళీ తనే అంది. "ఆవిడ కాపాడిన కార్పెంటర్ మొన్న వచ్చారు. ఆవిణ్ణి అడిగారు. నేను పైకి పంపించాను."

అంటే బతికాడు. ఆ ఒక్క ముక్కకి నేను ఆ కుర్చీలో ఎంతసేపు ఊపిరి పీల్చుకున్నానో. ఆ తర్వాతే అతన్ని వెతికి పట్టుకున్నాను. ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

పైన ఆవిడకి మెరూన్ రంగు కోటు వేశారు. ముందున్న గాజు బల్ల మీద చిన్న ప్లాస్టిక్ కప్పులు బొత్తిగా పేర్చి ఉన్నాయి. వచ్చినవాళ్ళకి కప్పు ఇచ్చి, బాత్‌రూము ఎటుందో చూపించడం ఆవిడ పని.

"నమస్కారమండీ. ఏ ప్యాకేజీ తీసుకుంటారు?" అంది, నేర్పిన గొంతుతో. తలెత్తి నన్ను చూసింది. గొంతు మళ్ళీ తనది అయింది. "మీరా సార్. ఏమైంది ఇయ్యాల?"

"ఏమీ కాలేదు సిస్టర్."

"మంచిది. ఏమీ కానోళ్ళే వస్తరు ఈడికి."

"నేను రాసిన కాగితం వల్ల మిమ్మల్ని..."

"ఎరుకే. సదివి ఇనిపించిన్రు." కప్పుల బొత్తి సరిచేసింది. "హేళన చేసిననేది నిజమే. మీ పట్టీ మీద నవ్విన. అది ఉండనీ. వయసైందనేది గూడ నిజమే. పని తెల్వదని రాసిన్రు గదా సార్..." అని ఆగింది. కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది.

"అది మనసులోంచి రాసింది కాదు సిస్టర్. మా వాళ్ళ మాట తీరే అంత. మా కొట్లో సరుకు కొనేముందు ఎవరైనా అలా తిడతారు. అంటే నిజంగా తిట్టినట్టు కాదు..."

"నేను సరుకునా సార్?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామన్నట్టు అడిగింది. నేను మాట మార్చాను.

"మళ్ళీ మిమ్మల్ని ఆ బల్ల దగ్గరికి పంపించాలంటే ఏం చెయ్యాలో చెప్పండి. చేస్తాను."

"రాసినదానికి రాతే సార్. ఏం జరిగిందో గదే రాయుండ్రి. ఒక్క ముక్క ఎక్కువొద్దు, ఒక్క ముక్క తక్కువొద్దు." చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "రిటైరు కానీకి నాకింక రెండేండ్లున్నది. ఆ రెండేండ్లు ఆడ ఉండాలని ఉన్నది సార్. ఎవరు ఎట్ల లోపలికొస్తున్నరో ఆ పిల్లకింక తెల్వదు. నాకు తెల్సు. ఈడ కూసుంటే పానం ఊకుంటలేదు."

ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. కింద టై ఆయన్ని కూడా కలిశాను. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి ఇస్తే, పెద్దల ముందు పెడతానన్నాడు.

మర్నాడు పొద్దున్నే గోడౌనులో కూర్చుని రాశాను. అంతా రాశాను. నొప్పి రెండే, పది అని చెప్పాను. అవతల మనిషి చొక్కా తడిసి ఉండటం చూశాను. అయినా ఫలానా మేనేజరు చేత ఫోన్ చేయించాను. ఆ మంచం ఆ మనిషికని తెలిసీ ఎక్కి పడుకున్నాను. ఆ సిస్టర్ మీద రాసింది అబద్ధం. ఆవిడకి పని తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక పేజీ నిండింది.

టీ తాగి వచ్చి చదువుకున్నాను. ఆ మేనేజరు పేరు ఎందుకులే అనిపించింది. వచ్చే నెల ఆయన సినిమాకి ఆస్పత్రి సెట్టు ఉంది, మంచాలన్నీ నావే. కొట్టేశాను. మేనేజరు పోయాక ఫోన్ సంగతి నిలవలేదు. ఫోన్ పోయాక మంచం సంగతి నిలవలేదు. అబద్ధం అన్న మాట మరీ మొరటుగా ఉంది, ఎవరైనా చూస్తే రేపు నన్నేమనుకుంటారు? పొరపాటు అని మార్చాను. మధ్యాహ్నానికి అది అపార్థం అయింది. ఆ రోజు నాతో బేరమాడటానికి అవతల ఎవరూ లేరు. అడిగేదీ నేనే, తగ్గేదీ నేనే. చివరికి మిగిలింది ఇది:

"ఆ రోజు కొంత అపార్థం జరిగినది. సదరు సిస్టర్‌పై నాకు వ్యక్తిగతంగా ఎటువంటి ఫిర్యాదు లేదు. ఈ విషయాన్ని ఇంతటితో ముగించవలసిందిగా కోరుతున్నాను."

శుభ్రంగా టైపు చేయించి, ముందు ఆవిడకే చూపించాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

కళ్ళజోడు ముక్కు మీదికి నెట్టుకుని, నేను చూస్తుండగా మొట్టమొదటిసారి దానిలోంచి చదివింది. రెండుసార్లు చదివింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది, అటుపక్క ఇంకేమైనా ఉందేమోనని.

"ఇంతేనా సార్?"

"ఇలాంటివి ఇలాగే రాస్తారండీ. సరిపోతుంది."

"నేను తప్పు చెయ్యలేదని లేదు ఇందుల," అంది మెల్లగా. "తప్పు చేస్తే మీరు మాఫ్ చేసినట్టున్నది."

"అలా కాదు సిస్టర్..."

"ఇయ్యుండ్రి సార్. మీరు రాసిన్రు, మీరే ఇయ్యుండ్రి." కాగితాన్ని జాగ్రత్తగా, మడత పడకుండా, నా చేతిలో పెట్టింది. వెనక ఎవరో నిలబడి ఉన్నారు. ఆవిడ గొంతు మార్చుకుని, "నమస్కారమండీ, ఏ ప్యాకేజీ తీసుకుంటారు?" అంది వాళ్ళతో.

మెట్లు దిగుతూ ఆలోచించడానికి రెండంతస్తుల వ్యవధి ఉంది. గోడౌనులో చెత్తబుట్టలో ఆ మొదటి పేజీ ఇంకా ఉంది. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చు. పది నిమిషాల దారి. ఆవిడ ఆ రెండేళ్ళూ ఆ కప్పుల దగ్గరే ఉండి రిటైరైందంటే, నేను ఆ పది నిమిషాలు వెనక్కి వెళ్ళలేదన్నమాట.

టై ఆయన గదిలోకి వెళ్ళి ఇచ్చాను. చదివి, లేచి నిలబడి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చాలా బాగా రాశారు సార్. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా రాశారు."

"థాంక్సండీ," అన్నాను.